డయాలసిస్ మిషన్లు వస్తున్నాయి, నడిపేవాళ్లేరి?

2025 మేలో జెనీవాలో జరిగిన 78వ ప్రపంచ ఆరోగ్య సభ కిడ్నీల ఆరోగ్యంపై ఒక తీర్మానం ఆమోదించింది. చొరవ తీసుకున్నది గ్వాటెమాలా. గుండెజబ్బు, క్యాన్సర్, మధుమేహాల చాటున ఉండిపోయిన కిడ్నీ జబ్బుకు ప్రపంచ ఆరోగ్య ఎజెండాలో సొంత చోటు దొరికిందన్నమాట. ప్రపంచంలో దాదాపు 85 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో కిడ్నీ జబ్బు ఉందని అంచనా. ఆ లెక్కన ఇది ఆలస్యంగా వచ్చిన గుర్తింపే.

మన దగ్గర కిడ్నీ వార్త అంటే చాలావరకు కొత్త డయాలసిస్ కేంద్రం వార్తే. ఎన్ని మిషన్లు, ఎన్ని పడకలు, ఎన్ని కోట్లు అన్నీ ఉంటాయి. వాటిని ఎవరు నడుపుతారు, రాత్రి షిఫ్టులో ఎవరుంటారు అన్నది మాత్రం ఆ వార్తలో కనిపించదు. ఈ వ్యాసం ఆ మనుషుల గురించి: వాళ్లు ఎవరు, ఎందరు కావాలి, ఎందుకు దొరకడం లేదు.

ముందు, ఎవరిని లెక్కపెడుతున్నాం?

కిడ్నీ జబ్బుల స్పెషలిస్టును నెఫ్రాలజిస్టు అంటారు. మన దేశంలో ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, జనరల్ మెడిసిన్‌లోనో పిల్లల వైద్యంలోనో ఎండీకి మూడేళ్లు, ఆపై డీఎం నెఫ్రాలజీకి మరో మూడేళ్లు. మధ్యలో ప్రవేశ పరీక్షలకు పోయే కాలం కలపకుండానే పదకొండున్నరేళ్లు. కిడ్నీలో రాళ్లు తీసేది, ప్రోస్టేట్ ఆపరేషన్ చేసేది యూరాలజిస్టు. ఇద్దరి పేర్లూ తరచు కలగాపులగమవుతాయి కానీ శిక్షణ వేరు, పని వేరు.

అంతర్జాతీయ నెఫ్రాలజీ సొసైటీ 2017 నుంచి దేశాలవారీగా 'ప్రపంచ కిడ్నీ ఆరోగ్య అట్లాస్' విడుదల చేస్తోంది. 2023 అట్లాస్ ప్రకారం పది లక్షల జనాభాకు నెఫ్రాలజిస్టుల ప్రపంచ మధ్యస్థ సంఖ్య (దేశాలను వరసలో పెడితే నడుమ వచ్చేది) సుమారు 12. ధనిక దేశాల్లో ఇది 20 దాటుతుంది. అతి పేద దేశాల్లో ఒకటికి అటూ ఇటూ. భారత్‌లో రెండు దరిదాపుల్లో.

దీన్ని మన రాష్ట్రాలకు అన్వయిస్తే ఇలా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి సుమారు 9 కోట్ల జనాభా, అంటే 90 'పది లక్షలు'. దేశ సగటు లెక్కన 180 మంది నెఫ్రాలజిస్టులు. ప్రపంచ మధ్యస్థం అందుకోవాలంటే 1,080 మంది. ఇది అసలు సంఖ్య కాదు, సగటుతో వేసిన గుణకారం మాత్రమే. పైగా సగటులో ఒక తిరకాసు ఉంది. స్పెషలిస్టులు జనాభా ఉన్నచోట సమానంగా పరుచుకోరు, పెద్ద ఆసుపత్రులున్న నగరాల్లో గుమిగూడతారు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుపతి లాంటి చోట్లను తీసేసి చూస్తే మిగతా జిల్లాలకు దక్కే వాటా దేశ సగటు కన్నా చాలా దిగువన ఉంటుంది.

ఇంకో సంగతి. కొరత అనగానే అందరూ నెఫ్రాలజిస్టుల లెక్కే తీస్తారు, ఎందుకంటే తేలిగ్గా దొరికేది అదే. కానీ డయాలసిస్ కుర్చీలో ఉన్న మనిషి పక్కన ఆ నాలుగు గంటలూ ఉండేది టెక్నీషియనో, నర్సో. కొరత దెబ్బ ముందు తగిలేదీ అక్కడే.

నాలుగు గంటల్లో టెక్నీషియన్ చేసే పని

రోగి రాకముందే పని మొదలవుతుంది. డయాలసిస్ మిషన్‌లో నిమిషానికి సాధారణంగా 500 మిల్లీలీటర్ల ద్రవం ప్రవహిస్తుంది, అందులో దాదాపు అంతా నీరే. నాలుగు గంటలకు 120 లీటర్లు. పలుచని పొరకు ఇవతల రక్తం, అవతల ఈ ద్రవం. తాగే నీటిలో ఉండే క్లోరిన్‌ను మన కడుపు తట్టుకుంటుంది. అదే నీరు శుద్ధి కాకుండా డయాలసిస్‌కు వెళ్తే అందులోని క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. అందుకే ఆర్వో ప్లాంటులో కార్బన్ ట్యాంకు దాటిన నీటిని ప్రతి షిఫ్టుకు ముందు పరీక్షించాలి. మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. ఐదారు నిమిషాల పరీక్ష. మనుషులు తక్కువైనప్పుడు ముందుగా ఎగిరిపోయేదీ, పుస్తకంలో నిన్నటి అంకె చూసి ఇవాళ రాసేసేదీ ఇదే.

నీటి విషయంలో తేడా వస్తే ఏమవుతుందో 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ప్రపంచం చూసింది. జలాశయంలో పెరిగిన నాచు విషం, సరిగా శుద్ధి కాని నీటితోపాటు డయాలసిస్ కేంద్రానికి చేరింది. 50 మందికి పైగా చనిపోయారు. అక్కడ లోపం ఒక్క మనిషిది కాదు, నీటి సరఫరా నుంచి కేంద్రం దాకా వరసగా ఉంది. కాకపోతే రోగికీ ఆ నీటికీ మధ్య ఆఖరి కాపలా నీటిని పరీక్షించే మనిషే.

ఆ తర్వాత ట్యూబులు, డయలైజర్ (రక్తాన్ని వడపోసే ఫిల్టరు) బిగించి సెలైన్‌తో కడగడం, గాలి బుడగలు లేకుండా చూడటం, రోగి బరువు, బీపీ రాయడం, చేతి ఫిస్టులాలో (ఆపరేషన్‌తో ధమనిని సిరకు కలిపిన చోట) రెండు లావు సూదులు పెట్టడం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు సరిచూడటం. అసలు తెలివి వాడాల్సింది మాత్రం నీరు ఎంత తీయాలన్న లెక్కలో.

రోగి అసలు బరువు 55 కిలోలు అనుకుందాం. రెండు రోజుల తర్వాత 58 కిలోలతో వచ్చాడు. తీయాల్సింది 3 లీటర్లు. చివర్లో రక్తాన్ని ఒంట్లోకి తిరిగి పంపడానికి వాడే సెలైన్ 300 మిల్లీలీటర్లు కలిపితే 3,300. నాలుగు గంటల్లో తీస్తే కిలో బరువుకు గంటకు 15 మిల్లీలీటర్లు. సాధారణంగా 13 దాటితే గుండె మీద భారం పెరుగుతుందని భావిస్తారు. అంటే ఈ మనిషికి నాలుగు గంటలే చాలవు, నాలుగున్నరకు పైగా కూర్చోబెట్టాలి. కానీ బయట తర్వాతి షిఫ్టువాళ్లు వరండాలో ఎదురు చూస్తున్నారు, లోపల మనుషులు తక్కువ. మూడున్నర గంటలకే దింపేస్తే అదే లెక్క 17 దాటిపోతుంది. ఫలితం బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం, వాంతులు. రోగులు దీన్ని 'మిషన్ పడలేదు' అంటారు. పడనిది మిషన్ కాదు, వేగం.

ఇంకో ప్రమాదం సూది ఊడిపోవడం. రక్తం నిమిషానికి 300 మిల్లీలీటర్లు తిరుగుతుంటే, తిరిగి ఒంట్లోకి వెళ్లాల్సిన సూది దుప్పటి కింద జారిపోతే మూడు నిమిషాల్లో 900 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. మిషన్ అలారం ప్రతిసారీ దీన్ని పసిగట్టలేదు. కంటితో చూసే మనిషి దగ్గర్లో ఉండాలి. ఒక టెక్నీషియన్‌కు మూడు మిషన్లు అన్న వాడుక నియమం వెనక ఉన్న ఆలోచన ఇదే.

పది మిషన్ల కేంద్రానికి ఎందరు కావాలి?

పది మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు నడిచే కేంద్రాన్ని తీసుకుందాం. వారానికి 180 సెషన్లు. మనిషికి వారానికి మూడు చొప్పున 60 మంది రోగులు. మన దగ్గర చాలామంది చేయించుకునే రెండు చొప్పున అయితే 90 మంది.

మూడు మిషన్లకు ఒకరు చొప్పున షిఫ్టుకు నలుగురు టెక్నీషియన్లు. రోజుకు 12, వారానికి 72 టెక్నీషియన్-షిఫ్టులు. అమర్చడం, దింపడం, మిషన్‌ను శుద్ధి చేయడం కలిపి ఒక్కో షిఫ్టు ఐదు గంటలు. మొత్తం వారానికి 360 గంటలు. మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే ఏడున్నర మంది. సెలవులు, జ్వరాలు, పండగలు, శిక్షణలకు 15 శాతం తీసేస్తే దాదాపు తొమ్మిది మంది. ఇది టెక్నీషియన్ల లెక్క మాత్రమే. నర్సులు, డ్యూటీ డాక్టరు, శుభ్రం చేసేవాళ్లు వేరు. హెపటైటిస్ బి ఉన్నవారికి మిషన్ విడిగా ఉండాలి, దాన్ని చూసే మనిషి అదే షిఫ్టులో మిగతావారిని చూడకూడదు. అలాంటి రోగి ఒక్కరున్నా డ్యూటీ చార్టు తలకిందులవుతుంది.

ఇప్పుడు తొమ్మిదికి బదులు ఆరుగురే ఉన్నారనుకోండి. సెలవులు పోను వారానికి 245 గంటలు, అంటే 49 టెక్నీషియన్-షిఫ్టులు. 180 సెషన్లను వాటికి పంచితే ఒక్కొక్కరి మీద సగటున 3.7 మంది రోగులు. తొమ్మిది మంది ఉన్నప్పుడు ఇది 2.5. కేంద్రం మూతపడదు, మిషన్లు ఆగవు, నెలవారీ నివేదికలో సెషన్ల సంఖ్య తగ్గదు. అందుకే ఈ కొరత పైవాళ్ల కంట పడదు.

2016-17 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో నడుస్తోంది. స్థలం, కరెంటు, నీరు, మందులు ప్రభుత్వానివి. మిషన్లు, ఆర్వో ప్లాంటు, డయలైజర్ల వంటి సరంజామా, సిబ్బంది ఆపరేటర్‌వి. చెల్లింపు సెషన్‌కు ఇంత అని. దీనికి అనుకూలంగా చెప్పేవాళ్లకు గట్టి కారణమే ఉంది: జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోకి డయాలసిస్ ఇంత వేగంగా మరో దారిలో వచ్చేది కాదు. విమర్శించేవాళ్లు చూపేది టెండరు గణితాన్ని. డయలైజర్, ట్యూబులు, సూదులు, ద్రవాల ధరలు ఆపరేటర్ చేతిలో పెద్దగా ఉండవు. రేటు తగ్గించి టెండరు దక్కించుకుంటే కోత పెట్టడానికి మిగిలేది జీతాలే. రెండూ నిజమే. ఒప్పందంలో సెషన్ల సంఖ్యతోపాటు షిఫ్టుకు ఉండాల్సిన మనుషుల సంఖ్యను కూడా తనిఖీ చేస్తేనే ఈ రెండింటికీ పొంతన కుదురుతుంది.

గొలుసులో కనిపించని కొక్కేలు

ఫిస్టులా అంటే మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనిని సిరకు కలిపే చిన్న ఆపరేషన్. అది పక్వానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ ఆపరేషన్ చేసే సర్జన్ జిల్లాలో లేకపోతే రోగి మెడలో క్యాథెటర్‌తో నెలల తరబడి డయాలసిస్ చేయించుకుంటాడు. క్యాథెటర్ వల్ల రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, మళ్లీ ఆసుపత్రిలో చేరాలి. చూడ్డానికి ఇన్ఫెక్షన్ సమస్యే, మొదలు మాత్రం సర్జన్ కొరత.

డైటీషియన్ లేకపోతే పొటాషియం గురించి ఎవరూ చెప్పరు. పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరినీళ్లు చలవ అని తాగిన మనిషి గుండె లయ తప్పి ఎమర్జెన్సీకి వస్తాడు. మిషన్లు బాగుచేసే బయోమెడికల్ ఇంజనీరు దగ్గర్లో లేకపోతే పదిలో రెండు మిషన్లు ఎప్పుడూ మూలన ఉంటాయి. అవయవ దానానికి బ్రెయిన్‌డెడ్ అయిన వ్యక్తి కుటుంబంతో మాట్లాడే కోఆర్డినేటర్ వృత్తి మరీ అరుదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకానికి వీళ్లే ఆయువుపట్టు. కిడ్నీ మార్పిడి జరిగిన ప్రతి రోగీ ఒక డయాలసిస్ కుర్చీని ఖాళీ చేస్తాడు కాబట్టి, వీళ్లు లేని లోటు చివరికి టెక్నీషియన్ మీదే పడుతుంది.

తయారైనవాళ్లు ఎక్కడికి పోతున్నారు?

అమెరికాలో 1973 నుంచి వయసుతో నిమిత్తం లేకుండా డయాలసిస్ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ భరిస్తోంది. డబ్బుంది, మిషన్లున్నాయి. అయినా అక్కడ నెఫ్రాలజీ ఫెలోషిప్ (స్పెషలిస్టు శిక్షణ) సీట్లలో పెద్ద భాగం, కొన్నేళ్లుగా దాదాపు మూడో వంతు, 'మ్యాచ్' అనే సీట్ల కేటాయింపులో మిగిలిపోతున్నాయి. అక్కడి నెఫ్రాలజిస్టుల్లో సుమారు సగం మంది బయటి దేశాల్లో ఎంబీబీఎస్ స్థాయి చదువు చదివినవాళ్లే. తెలుగు డాక్టర్లూ వాళ్లలో ఉన్నారు. రాత్రి ఫోన్లు ఎక్కువ, కార్డియాలజీతో పోలిస్తే సంపాదన తక్కువ, రోగులందరూ దీర్ఘకాలికులే. అమెరికాలో వినిపించే ఈ కారణాలే మన మెడికల్ కాలేజీ హాస్టళ్లలోనూ వినిపిస్తాయి.

నర్సుల ప్రయాణం గల్ఫ్, బ్రిటన్‌ల వైపు. రెండు మూడేళ్ల డయాలసిస్ అనుభవం ఉన్న నర్సుకు ప్రొమెట్రిక్ పరీక్ష పాసైతే గల్ఫ్ దారి తెరుచుకుంటుంది. ఇక్కడి కేంద్రం పని నేర్పిన మనిషిని, పని వచ్చిన మర్నాడే పోగొట్టుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వైద్య సిబ్బంది అంతర్జాతీయ నియామకాలపై నైతిక నియమావళి తెచ్చింది. సిబ్బంది మరీ తక్కువగా ఉన్న దేశాల జాబితా 2023లో సవరించినప్పుడు అందులో 55 దేశాలున్నాయి. భారత్ లేదు, కాబట్టి మన నర్సులను పిలుచుకోవడానికి ఎవరికీ సంకోచం అక్కర్లేదు. వలసను తప్పుపట్టేవాళ్లు ప్రభుత్వ ఖర్చుతో తయారైన నైపుణ్యం తరలిపోతోందంటారు. సమర్థించేవాళ్లు మెరుగైన జీవితం వెతుక్కునే హక్కు నర్సుకు లేదా అని అడుగుతారు. నా ఉద్దేశంలో రెండో ప్రశ్నకు జవాబు చెప్పకుండా మొదటి ఫిర్యాదు చేయడం చెల్లదు.

రాష్ట్రం లోపలి వలస గురించి ఇంత చర్చ జరగదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇలాంటి చోట భవనం కట్టడం కన్నా నెఫ్రాలజిస్టును నిలబెట్టడం కష్టం. జీతం పెంచితే సగం పని అవుతుంది. మిగతా సగం భార్యకో భర్తకో ఉద్యోగం, పిల్లల బడి, అన్నిటికన్నా ముఖ్యంగా తోటి డాక్టరు. ఒక్కడే నెఫ్రాలజిస్టు ఉన్న ఊళ్లో అతనికి ఏడాదిలో 365 రాత్రులూ డ్యూటీయే. ఇద్దరిని నియమిస్తే ఇద్దరూ నిలుస్తారు, ఒకరినే నియమిస్తే ఆ ఒక్కరూ వెళ్లిపోతారు.

సీట్లు పెంచితే ఎప్పటికి సరిపోతుంది?

పైన వేసిన 180, 1,080 అంకెలకే తిరిగి వెళ్దాం. పదిహేనేళ్లలో ఈ తేడా పూడ్చాలంటే ఏటా 60 మంది అదనంగా కావాలి. వృత్తి జీవితం 30 ఏళ్లనుకుంటే రిటైరయ్యేవారి స్థానంలో మొదట్లో ఏటా ఆరుగురు, చివర్లో 36 మంది అవసరం, సగటున 20 పైచిలుకు. కలిపి ఏటా 80 మంది. వీళ్లలో మూడో వంతు ఇతర రాష్ట్రాలకో విదేశాలకో వెళ్తే తయారు చేయాల్సింది 120 మందిని. సీటు పెట్టగానే సరిపోదు, నేర్పే ప్రొఫెసర్లు కావాలి, వాళ్లూ ఈ కొరతలోని మనుషులే. సీట్లు వద్దని ఈ లెక్క చెప్పడం లేదు. సీట్ల మీదే ఆధారపడితే ఒక తరం గడిచిపోతుందని చెబుతోంది.

అందుకే రెండో వాదన: పనిని పంచాలి. జపాన్‌లో దాదాపు 3.4 లక్షల మంది డయాలసిస్ మీద ఉన్నారు. అక్కడ మిషన్ల పని చూసేది 1987 చట్టంతో గుర్తింపు పొందిన క్లినికల్ ఇంజనీర్లు. చదువు, జాతీయ పరీక్ష, లైసెన్సు ఉన్న ప్రత్యేక వృత్తి అది. తెలంగాణలో నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులను కేంద్రాలుగా చేసి జిల్లా డయాలసిస్ యూనిట్లను వాటికి ముడిపెట్టడం కూడా పని పంపకమే. నెఫ్రాలజిస్టు నగరంలో, రోగి ఊరికి దగ్గర్లో. వ్యతిరేకించేవాళ్ల భయం కూడా కొట్టిపారేయాల్సింది కాదు. నగరంలోని డాక్టరు పర్యవేక్షణ కాగితానికే పరిమితమైతే, పంచింది పని కాదు, బాధ్యత. నీటి లెక్కలో 15కీ 17కీ తేడా పట్టుకునే శిక్షణ, మిషన్ ఆపి డాక్టరుకు ఫోన్ చేసే అధికారం టెక్నీషియన్‌కు ఇచ్చారా లేదా అన్నదాన్ని బట్టి ఏ పంపకం ఎలాంటిదో తెలుస్తుంది.

ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ సంగతేమిటి?

పెరిటోనియల్ డయాలసిస్‌లో పొట్టలో పెట్టిన మెత్తని గొట్టం ద్వారా రోజుకు సాధారణంగా నాలుగుసార్లు రెండేసి లీటర్ల ద్రవం నింపి, కొన్ని గంటలుంచి, తీసేస్తారు. మిషన్, ఆర్వో ప్లాంటు అక్కర్లేదు. శిక్షణ పొందిన ఒక నర్సు ఇరవై, ముప్పై మంది రోగులను చూసుకోగలదు. మనుషులు తక్కువైన చోట ఇంతకన్నా మేలైన లెక్క లేదు. హాంకాంగ్ 1985 నుంచే దీనికి మొదటి ప్రాధాన్యమిచ్చింది. థాయ్‌లాండ్ 2008లో అదే బాట పట్టింది. 2022లో రోగులకు ఎంపిక వదిలేయగానే మిషన్ డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు వేగంగా పెరిగారు, దాంతోపాటు ఖర్చూ, సిబ్బంది అవసరమూ.

చిక్కులున్నాయి. రోజుకు 8 లీటర్లంటే నెలకు 240 లీటర్ల ద్రవం సంచులు ఇంటికి చేరాలి, అవి పెట్టుకోవడానికి ఎండ తగలని చోటు ఉండాలి. చేతులు సరిగా కడుక్కోకపోతే పెరిటొనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకు ఇన్ఫెక్షన్. ఒక్క గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. శిక్షణ ఇచ్చే నర్సే లేకపోతే అసలు మొదలే కాదు.

ముందే పట్టుకుంటే సిబ్బంది అవసరం తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ వెంటనే కాదు. 30,000 జనాభా ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో పెద్దవాళ్లు 20,000 మంది అనుకుందాం. పదిశాతానికి కిడ్నీ జబ్బు ఉందనుకుంటే 2,000 మంది. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలతో అందరినీ గుర్తించి, అందరినీ నెఫ్రాలజిస్టు దగ్గరికి పంపితే ఆ జిల్లా వ్యవస్థ వారంలో చేతులెత్తేస్తుంది. కిడ్నీల వడపోత వేగం నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా తక్కువకు పడిపోయినవాళ్లను, మూత్రంలో ఆల్బుమిన్ మరీ ఎక్కువ పోతున్నవాళ్లను, కారణం అంతుపట్టనివాళ్లను మాత్రమే పంపితే ఆ సంఖ్య చాలా చిన్నది. పెద్దల్లో వెయ్యికి ముగ్గురు అలాంటివాళ్లు అనుకుంటే 60 మంది. మిగతా 1,940 మందికి కావాల్సింది బీపీ, షుగర్ అదుపు, ఏసీఈ ఇన్హిబిటర్లు (కిడ్నీని కాపాడే బీపీ మందులు), కొందరికి ఎస్‌జీఎల్‌టీ2 మందులు (కిడ్నీకీ మేలు చేసే షుగర్ మందులు), నొప్పి మాత్రలు మానడం. ఇవన్నీ ఎంబీబీఎస్ డాక్టరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త చేయగల పనులే. అయితే బీపీ, షుగర్, గర్భిణులు, టీకాలు, సర్వేలు ఇప్పటికే వాళ్ల నెత్తిమీదే ఉన్నాయి. కిడ్నీ పరీక్షలు కలిపితే ఏ పని తీసేస్తారన్నది ఎవరూ అడగడం లేదు.

ఇంతకూ మన దగ్గర డయాలసిస్ టెక్నీషియన్లు ఎందరున్నారు, వాళ్లలో ఎందరు డిప్లొమానో డిగ్రీనో చదివి వచ్చారు, ఎందరు పనిలోనే నేర్చుకున్నారు? నెఫ్రాలజిస్టుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరు ఉన్నట్టు వీళ్లకు ఏళ్ల తరబడి ఏదీ లేదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఆ వృత్తిని పేరుపెట్టి గుర్తించింది, రాష్ట్ర కౌన్సిళ్లు రిజిస్టర్లు నిర్వహించాలంది. అమెరికాలో టెక్నీషియన్ చేరిన 18 నెలల్లోపు సర్టిఫికేషన్ పొందాలన్న నిబంధన 2008 నుంచే ఉంది. మన రిజిస్టర్లు నిండాక, ఏళ్ల అనుభవం ఉండి సర్టిఫికెట్ లేనివాళ్లను లోపలికి ఎలా తీసుకోవాలన్నది తొలి తగవు అవుతుంది. వాళ్లను తీసేస్తే చాలా కేంద్రాల్లో రేపటి షిఫ్టు నడవదు. ఏ పరీక్షా లేకుండా చేర్చుకుంటే రిజిస్టరుకు అర్థం ఉండదు.